అంతరించడానికి కావలసిన అర్హతలు

మా శ్రీకాకుళం అన్నిట్లోనూ వెనకబడిందని అనేవాళ్ళు ఒక్కసారి భాషలు అంతరించడాన్ని కొలిచే యునెస్కో వారి కొలబద్ద చూడాలి. పిల్లలు ఇంట్లో నేర్చుకోవడం మానేస్తే ఆ భాష కచ్చితంగా ప్రమాదంలో పడ్డట్టు. అమ్మానాన్నలకి అర్థమవుతూ, తాతలూ మామ్మలూ మాత్రమే మాట్లాడుతుంటే ప్రమాదం తీవ్రం. వాళ్ళు కూడా ఎప్పుడో అరాకొరా మాట్లాడితే ఇక చివరి మెట్టే.

మా ఇల్లు అప్పుడే రెండో మెట్టెక్కేసింది. "ఏటిరా గుంటడా, అంబలి తాగీసినావా?" అని మా అమ్మ అడుగుతుంది. నాకు అర్థమవుతుంది. మా అబ్బాయి నా వైపు చూస్తాడు, సబ్‌టైటిల్ వేస్తానేమోనని.

సినిమావాళ్ళ సాయం మరువలేనిది. మా యాస మాట్లాడే పాత్ర అయితే పనివాడు, కాకపోతే తింగరోడు. అందుకే మా పిల్లలు హైదరాబాద్ హాస్టల్లో దిగిన వారానికే 'ఏటి' పోయి 'ఏంటి' వచ్చేస్తోంది. ఇంత చురుగ్గా అమలైన పథకం మా జిల్లాలో ఇంకోటి లేదు.

ఎందుకింత తొందర అంటారా? బతికున్న భాషని ఎవరు పట్టించుకుంటారండీ! మంచాన పడితేనే చుట్టాలొస్తారు, రికార్డర్లు పట్టుకుని.

కొండమీది సవరలనే చూడండి. వాళ్ళ భాష తెలుగుకి ఏమీ కాదు. అది ముండా భాష, దాని దూరపు చుట్టాలు వియత్నాంలో, కంబోడియాలో ఉన్నారు. లెక్క పన్నెండు దాకా ఒక పద్ధతి, ఆపైన పన్నెండుకీ ఇరవైకీ కలుపుకుంటూ పోవడం. ముప్పై మూడంటే ఇరవై, పన్నెండు, ఒకటి. 'కత్తితో నీ పొట్టలో పొడుస్తాడు' అనడానికి మనకి నాలుగు మాటలు కావాలి, వాళ్ళకి ఒక్కటి చాలు. ఇంత పొదుపైన భాష ఏ ఆఫీసు కౌంటర్లోనూ చెల్లదు.

సరిహద్దుకి ఒడిశా వైపున్న సవర ఊళ్ళకి 1970లలో పియర్స్ విటెబ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త వచ్చాడు. అక్కడ పూనకం వచ్చిన ఆడమనిషి నోట చనిపోయినవాళ్ళు మాట్లాడతారు. ఇంట్లోవాళ్ళు వాళ్ళతో ఏడుస్తారు, పోట్లాడతారు, బతిమాలుతారు. ఆయన అదంతా రాసుకున్నాడు. తరవాత కుర్రాళ్ళు కిరస్తానీ మతంలో కలిసి ఆ మాటలు మానేస్తే, పాపం, ఆ మానెయ్యడం గురించీ రాశాడు. మనం బతికున్న మామ్మతోనే మాట్లాడం కాబట్టి మన మీద పుస్తకం కాస్త సన్నగా రావచ్చు.

ఈ కొలబద్దలేవీ లేనిరోజుల్లోనే, 1863లో మా పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో పంతులుగారి ఉద్యోగం చేసుకుంటూ సవర నేర్చుకున్నారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. క్వినైన్ మింగి మింగి వినికిడి పోగొట్టుకున్నారు. ఒక భాష వినడం కోసం చెవులే ఇచ్చేశారన్నమాట. ఆయన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. ఏటా ఆగస్టు 29న ఆ వాడుకభాష పెద్దాయన విగ్రహానికి దండేసి, "ఘన నివాళులర్పించుకొనుచున్నాము" అంటారు మైకులో. విగ్రహానికి కూడా చెవుడుంటే బాగుణ్ణు.

మొన్న మా ఊరి ఇంటికి ఒక పరిశోధక విద్యార్థి వచ్చాడు. అసలైన సిక్కోలు మాట కావాలన్నాడు. ఫోను అమ్మ ముందు పెట్టాడు. అమ్మ కొంగు సర్దుకుని, గొంతు సవరించుకుని, అచ్చం టీవీ సీరియల్లో అత్తగారిలా, "రండి బాబూ, కూర్చోండి, మీకు ఏమి కావాలో అడగండి" అంది. నలభై నిమిషాలు అదే భాష. ఒక్క 'ఏటి' పడితే ఒట్టు. చదువుకున్న కుర్రాడి ముందు మనూరి మాట ఏం బాగుంటుందని ఆవిడ ఉద్దేశం. అతను దణ్ణం పెట్టి, ఫోను జేబులో వేసుకుని, బండి స్టార్ట్ చేసి వీధి మలుపు తిరిగాడో లేదో, పెరట్లోంచి వినపడింది:

"ఓలమ్మో! దూడ తాడు తెంపీసింది, లగెత్తండ్రా, బట్టలన్నీ నమిలీసి ఎలిపోతంది!"