ఓపీ చీటీలో ‘కూలీ’ అని రాస్తే సరిపోయిందా?

నెల్లూరు దగ్గర సైదాపురం తెల్లరాయి మీద ఎన్ని వార్తలో! ఎవరు తవ్వుకున్నారు, ఎవరి హయాంలో, ఎన్ని టన్నులు... రాళ్లకు లెక్కలున్నాయి, ఊపిరితిత్తులకే లేవు. అందుకే ఈసారి పార్టీలను వదిలేసి ఊపిరితిత్తుల డాక్టర్ల సంఘాన్ని అడుగుతున్నా. 1980లో పుట్టిన ఇండియన్ చెస్ట్ సొసైటీ జర్నల్ వేస్తోంది, సదస్సులు పెడుతోంది, సీఓపీడీకి (ఏళ్ల తరబడి వదలని ఆయాసం జబ్బు), ఆస్తమాకు గైడ్‌లైన్స్ ఇచ్చింది, సంతోషం. కానీ ఆ సంఘం అసలు పని ఇక్కడ క్రషర్ దగ్గరుంది.

అక్కడ ఒక కుర్రాడిని చూశాను. మూతికి తడి తువ్వాలు, కనురెప్పల మీద పిండి చల్లినట్టు దుమ్ము. "కడుక్కుంటే పోద్దిలే నా" అన్నాడు. మొహం మీదది పోద్ది. తెల్లరాయంటే క్వార్ట్జ్, క్వార్ట్జ్ అంటే సిలికాయే, ఆ సన్నటి దుమ్ము లోపలికి పోతే ఊపిరితిత్తులు గట్టిపడుతూ పోతాయి, ఆ జబ్బే సిలికోసిస్, పని మానేసినా ఆగకపోవచ్చు, నయం చేసే మందు లేదు, పైగా టీబీ అంటుకునే ముప్పు పెరుగుతుంది.

గనుల్లో దుమ్ము ఆపాల్సింది ప్రభుత్వం, డాక్టర్లకేం అధికారముంది అంటారు. అధికారం లేదు, నిజమే, సంతకం ఉందిగా! రాజస్థాన్ 2019లో సిలికోసిస్ పాలసీ తెస్తే, అక్కడ కార్మికుడికి సాయం అందేది డాక్టర్లు ధ్రువీకరించాకే. చిన్న ఊళ్లో క్లినిక్ పెట్టుకున్న ఒంటరి డాక్టరు గని యజమాని మీద కాగితం రాయగలడా? రేపు ఆయన ఆ ఊళ్లోనే బతకాలి. అదే కాగితం వెనక దేశమంతా ఉన్న సంఘం నిలబడితే ఎవరిని బెదిరిస్తారు? సంఘం ఉండేది ఇందుకు కాకపోతే ఇంకెందుకు?

1952 నాటి గనుల చట్టంలోనే ఇలాంటి జబ్బు చూసిన డాక్టరు పైకి తెలియజేయాలని ఉండేది. 2025లో ఆ చట్టం పోయేదాకా, తెలియజేయకపోతే జరిమానా ఎంతో తెలుసా, మహా అయితే 50 రూపాయలు! మన దగ్గర పేదవాడి జబ్బుకు పెట్టిన ఖరీదు అది. ఓపీ చీటీలో ‘కూలీ’ అని రాస్తారు, ఏ కూలీ అని అడగరు, దగ్గు మందు రాస్తారు, రేపు పోతే ‘ఆయాసంతో మృతి’. ఏం పని చేస్తావని రోగిని అడగమని ఇటలీ వైద్యుడు రామజ్జిని చెప్పి 300 ఏళ్లు దాటింది.

వచ్చే సదస్సు నెల్లూరులో పెట్టండి సార్. ఒక పూట సెషన్ ఎగ్గొట్టి, ఎక్స్‌రే వ్యాను వెంటేసుకుని సైదాపురం రండి. చేపల పులుసు సంగతి రాత్రికి చూసుకుందాం.