చెలమ దగ్గరి పాత బోగదాకు వెళ్లేవాళ్లకు ఒక మాట

నల్లమలలో చెలమ, దిగువమెట్ట స్టేషన్ల మధ్య వదిలేసిన రైలు సొరంగానికి నడక గురించి మీ వ్యాసంలో బాగా రాశారు. మాది నంద్యాల. మా వైపు సొరంగం అనరు, బోగదా అంటారు. బ్రిటిష్ వాళ్లు 1880లలో వేసిన మీటర్ గేజి లైను అది, అంటే పట్టాల మధ్య మీటరు ఎడమే. 1990లలో వెడల్పాటి బ్రాడ్ గేజి వేసినప్పుడు ఘాట్‌లో దారి మార్చారు, పాతది అడవికి మిగిలిపోయింది.

మా మేనమామ ఆ లైన్లో పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌మన్. ఒకసారి అనుమతి తీసుకుని ఆయనతో వెళ్లాను. లోపల గోడలో మనిషి పట్టేంత గూళ్లు ఉంటాయి. బండి వచ్చినప్పుడు పనివాళ్లు అందులోకి ఒదిగి నిలబడేవారు. మామ ఒక గూట్లో వీపు ఆనించి నిలబడి, "చెయ్యి పెట్టి చూడు అబ్బీ" అన్నాడు. గోడ తడిమితే వేళ్లకు నల్లగా మసి అంటింది. ఆ రాళ్ల మీద ఆవిరి ఇంజన్ల పొగ ఇంకా ఉంది! నాకు కళ్లు చెమర్చాయి.

మీ వ్యాసంలో ఒక్క విషయం రాకపోవడం నాకు బాధగా ఉంది. అది పులులు తిరిగే అడవి. అటవీ శాఖ అనుమతి లేకుండా ఎవరూ వెళ్లొద్దు. ఎలుగుబంట్లు చీకటి చోట్లు వెతుక్కుంటాయి కాబట్టి బోగదాలోకి తొందరపడి దూరకండి. దగ్గరి దారి అని కొత్త లైను పట్టాల మీద అసలు నడవకండి, మలుపులో బండి కనబడదు. మొన్న ఒక ఫొటోలో ఆ గూళ్లలో పగిలిన సీసాలు, గోడ మీద పెయింటుతో పేర్లు చూశాను. దయచేసి ఆ పని చేయకండి. మా మామలాంటి వాళ్లు ప్రాణం అరచేతిలో పెట్టుకుని నిలబడిన చోటది.