ఇంటికి రాని నిచ్చెనకు బహిరంగ లేఖ

మా అల్యూమినియం నిచ్చెనకు,

ఉభయకుశలోపరి. ఇక్కడ హాలు గోడ తప్ప అందరం క్షేమం. నువ్వు ఏ ఇంటి ఫ్యాను కింద, ఎవరి అటక ముందు క్షేమంగా నిలబడి ఉన్నావో తెలియక ఈ ఉత్తరం రాస్తున్నాను.

నిన్ను కొన్నది మేమే. రశీదు ఇప్పటికీ నా బీరువాలో ఉంది. ఆరు మెట్లు, మడిస్తే తలుపు వెనక ఒదిగిపోయే ఒళ్లు, పై మెట్టు మీద నిలబడవద్దని ఎర్ర స్టిక్కరు. ముచ్చటపడి తెచ్చుకున్నాం. ఆ తరువాతి ఆదివారమే, ఆరాధన ముగిశాక, మా వారు చర్చి గుమ్మం దగ్గర నీ గుణగణాలు నలుగురికీ వర్ణించి చెప్పారు. ఆ రోజు నుంచి నువ్వు సంఘ సభ్యురాలివి, మా ఇంటికి చుట్టానివి. నీ తప్పేమీ లేదులే. కాదనడం మా వారికీ రాదు, నీకూ రాదు. ఆయనకైనా నోరుంది.

గోడ సంగతి విను. పుట్టీ పెట్టాం, ఉప్పుకాగితంతో రుద్దాం, ప్రైమర్ వేశాం. మొదటి కోటు నా చెయ్యి అందినంత వరకు వేసి, పైన మిగిలిన రెండడుగులు నువ్వు వచ్చాక వేద్దామని ఆగాను. రెండో కోటుకు నాలుగు గంటలు ఆగాలని డబ్బా మీద రాశారు. మేము పదకొండు వారాల నుంచి ఆగుతున్నాం. కింద కొత్త రంగు, పైన పాత రంగు, మధ్యలో నా పొడుగు ఎంతో లోకానికి చాటే ఒక వంకర గీత. వచ్చిన చుట్టాలకు మా వారు అది డిజైను అని చెబుతున్నారు. ఒకాయన ఫోటో కూడా తీసుకుని వెళ్లాడు. పాపం, వాళ్ల ఆవిడ ఏమందో!

గడిచిన వారమే చూడు. సోమవారం నువ్వు వస్తావని పాత దుప్పట్లు నేల మీద పరిచాను. రాలేదు, చర్చి కార్యదర్శి గారు అటక సర్దుకుంటున్నారట. మంగళవారం చర్చిలో ట్యూబులైటు పోయింది. అత్తయ్య నిన్నే వెనకేసుకొచ్చారు. ‘‘దేవుడి పనికి వెళ్లింది కదమ్మా, పోనీలే’’ అన్నారు. ట్యూబులైటు సరే అత్తయ్యా, కార్యదర్శి గారి అటక దేవుడి పని ఎప్పుడైంది అన్నాను. మనసులోనే.

బుధవారం ప్రార్థన కూటమి మా ఇంట్లోనే. అందరూ కళ్లు మూసుకున్నారు. ఒక పెద్దావిడ మాత్రం ఆ వంకర గీత మీది నుంచి చూపు తిప్పుకోలేక, కళ్లు తెరిచే ‘ఆమేన్’ అన్నారు. గురువారం పాపను పాటల సాధనకు దింపి, కుళాయి కారుతుంటే దాని కింద బకెట్టు పెట్టి, మళ్లీ పాపను తీసుకొచ్చాను. శుక్రవారం ఏం జరిగిందో గుర్తులేదు. బకెట్టు నిండింది, అంతవరకు తెలుసు.

శనివారం నిన్ను చూశాను! ఆదివారపు బడి పిల్లలు యాకోబు కల నాటకం వేస్తున్నారు. భూమి నుంచి ఆకాశాన్ని తాకే నిచ్చెన, దాని మీద ఎక్కుతూ దిగుతూ దేవదూతలు. నీ ఒంటినిండా బంగారు కాగితం చుట్టారు. ముఖ్యపాత్ర నీదే. మా పాప దేవదూత, రెండో మెట్టు దాటి ఎక్కకూడదని షరతు. మా బాబు రాయి. అవును, యాకోబు తలగడగా పెట్టుకున్న రాయి. ఇంట్లో ఒక్క నిమిషం కుదురుగా ఉండనివాడు అక్కడ పావుగంట కదలకుండా పడుకున్నాడు. ఆ పాత్ర వాడికి ఇంట్లో కూడా ఇప్పించాలని చూస్తున్నాను.

గోడ మాట ఎత్తితే మా వారు వాక్యం తీస్తారు. సొలొమోనంతటి రాజుకే మందిరం కట్టడానికి ఏడేళ్లు, సొంత ఇంటికి పదమూడేళ్లు పట్టిందట. నేనూ బైబిలు చదివినదాన్నే. నెహెమ్యా యెరూషలేము ప్రాకారాన్ని 52 రోజుల్లో పూర్తిచేశాడు, అది ఊరి గోడ, మనది హాలు గోడ అన్నాను. అక్కడ చాలామంది ఎవరి ఇంటి ఎదుటి భాగం వాళ్లు బాగుచేసుకున్నారని కూడా రాసి ఉంది. అంటే ఎవరి నిచ్చెన వాళ్ల దగ్గరే ఉండి ఉంటుంది. దానికి మా వారి దగ్గర వచనం దొరకలేదు.

అదే యెరూషలేములో, యేసు సమాధి ఉన్న చోటని నమ్మే పవిత్ర సమాధి చర్చి ముఖద్వారం పైన, ఒక కిటికీ దగ్గర నీ జాతిదే చిన్న చెక్క నిచ్చెన ఒకటుంది. 1728 నాటి చిత్రంలోనే అది కనిపిస్తుంది. ఆ చర్చిని ఆరు క్రైస్తవ శాఖలు పంచుకున్నాయి. ఉన్నది ఉన్నట్టే ఉండాలన్న పాత ఒప్పందం వల్ల, అందరూ సమ్మతిస్తే తప్ప దాన్ని కదపకూడదు. 1997లో ఎవరో దాచిపెడితే వెతికి తెచ్చి మళ్లీ అక్కడే పెట్టారు. ఎంత భాగ్యం! నిన్ను కదపడానికి మా వారికి వచ్చే ఒక్క ఫోను చాలు.

ఆదివారం ప్రసంగం, యేసు ఇంటికి వస్తే పనుల్లో మునిగిన మార్త, ఆయన పాదాల దగ్గర కూర్చుని విన్న మరియల మీద. అనేక పనుల గురించి తొందరపడవద్దని పాస్టర్ గారు ఎంతో చక్కగా చెప్పారు. నా కళ్లు చెమర్చాయి. వెంటనే ప్రకటనలు చదివారు. స్త్రీల సమాజానికి వచ్చే వారం ఎనిమిది పనులు. మూడోది, వార్షికోత్సవానికి తెరలు కట్టడం. నిచ్చెన ఎవరిదని ఎవరూ అడగలేదు.

వచ్చే ఆదివారం ఈ ఉత్తరాన్ని నీ నాలుగో మెట్టుకు అతికిస్తాను. ఎక్కేవాళ్లు ఆగి ఊపిరి తీసుకునే చోటు అదే. చదివినవారికి మనవి: నిచ్చెన తిరిగి ఇవ్వనక్కరలేదు. మోసుకుని మా ఇంటికి వచ్చి, ఆ పై రెండడుగులకు రంగు వేసి, మళ్లీ మోసుకుపోవచ్చు. బ్రష్షు నీళ్లలో నానబెట్టే ఉంచాను.

ఇట్లు,
కుర్చీ మీద స్టూలు, స్టూలు మీద నేను