మా బాల్కనీని కూడా ఆయకట్టులో కలపాలి

గోదావరి డెల్టా ఆయకట్టు పది లక్షల ఎకరాల పైచిలుకు అని చిన్నప్పటి నించీ వింటున్నాం. ఆ లెక్క తప్పు. రాజమండ్రిలో ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో, తూర్పు ముఖంగా, పదడుగుల పొడవు నాలుగడుగుల వెడల్పున సాగులో ఉన్న మా బాల్కనీని అందులో కలపలేదు. సెంటులో పదో వంతు కూడా లేని దానికి ఇంత గోలేంటి అంటారని తెలుసు. అనండి. 1847లో కాటన్ దొర ధవళేశ్వరంలో ఆనకట్ట పని మొదలుపెట్టినప్పుడు కూడా డబ్బు దండగ అనేవాళ్లు ఉండే ఉంటారు, ఆయన పట్టించుకోకుండా 1852కల్లా కట్టి చూపించాడు. నేను కూడా నాలుగు గ్రో బ్యాగులు, ఆరు పెయింటు డబ్బాలు, ఒక పగిలిన బకెట్టు పెట్టి చూపించాను.

ముందు ఒక మాట స్పష్టంగా చెప్పాలి. నేను రైతుని. కోనసీమలో మా ఊళ్లో నాలుగెకరాల పొలం ఉన్నా ఇన్నాళ్లూ ఈ మాట గట్టిగా అనలేకపోయాను, ఎందుకంటే ఆ పొలం కౌలుకిచ్చి చాలా కాలమైంది, ఎకరాకి ఏడాదికి ముప్పై బస్తాలు, వాన పడినా పడకపోయినా, ధర ఉన్నా లేకపోయినా. దున్నేదీ ఊడ్చేదీ కోసేదీ మా కౌలు రైతు. మరి నేనేం చేస్తున్నట్టు? ఇప్పుడు ఆ ప్రశ్నకి జవాబుంది. నా గోళ్లలో మట్టి ఉంది. వాట్సాప్‌లో డీపీ కూడా మార్చాను, చేతిలో చిన్న గునపం, తలకి తువ్వాలు.

వ్యవసాయంలోకి రావడానికి కారణం టమాటా. 2023 జూలైలో కిలో వంద దాటి ఎక్కడికో పోయినప్పుడు మా వీధిలో సగం మంది పండిపోయిన టమాటాలు పిసికి గింజలు ఆరబెట్టుకున్నారు, మేమూ ఆరబెట్టాం. మొక్క లేచి, పూత పట్టి, మూడు కాయలు రంగు తిరిగేసరికి సెప్టెంబరు వచ్చింది, అప్పటికి రాయలసీమలో రైతులు గిట్టుబాటు కాక టమాటాలు రోడ్డు మీద పారబోస్తున్నారు. అయినా నేను నిరుత్సాహపడలేదు. ఆ మూడు కాయలకీ ఫొటో తీసి కుటుంబ గ్రూపులో పెట్టాను. అమెరికాలో మా అబ్బాయి 'వావ్ నాన్నా, ఆర్గానిక్' అన్నాడు. రోడ్డు మీద పారబోసినవాళ్లకి ఇలాంటి ప్రోత్సాహం ఉండి ఉంటే అంత పని చేసేవారు కాదని నా అభిప్రాయం.

ఇక మట్టి సంగతి. గోదావరి వేల ఏళ్లుగా మోసుకొచ్చి పోసిన ఒండ్రు మీద కూర్చున్నవాళ్లం మనం. నది మధ్య లంకల్లో వంగ, మిరప, దొండ ఎలా కాస్తాయో ఎవరికీ చెప్పక్కర్లేదు. అందుకే మట్టిని ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేశాను. అందమైన సంచీలో వచ్చింది, మీద ఆకు బొమ్మ కూడా ఉంది. దాంతోపాటు కోకోపీట్ ఇటుక. కోకోపీట్ అంటే కంగారు పడకండి, కొబ్బరి పొట్టే. మా ఊళ్లో కొబ్బరి వలిచిన డొక్కలు కాలవ గట్టున గుట్టలుగా పడి ఉంటాయి, ఆ డొక్కల మధ్యనే నేను పెరిగాను, కానీ అవి ఇటుక ఆకారంలో ఉండవు, వాటి మీద ఎమ్మార్పీ ఉండదు. ఇది తమిళనాడులోని పొల్లాచ్చి నించి లారీ ఎక్కి వచ్చింది. బకెట్టు నీళ్లలో వేస్తే గంటలో ఉబ్బి బకెట్టు దాటిపోయింది, మా ఆవిడ చూసి "ఇదేదో మన డొక్క పొట్టులాగే ఉందండీ" అంది. అజ్ఞానం. కడియం నర్సరీలు మాకు అరగంట దూరం, ఆ మొక్కలు దేశమంతా వెళ్తాయి, అక్కడ మనిషి "ఎర్రమట్టి ఓ పాలు, పశువుల గెత్తం ఓ పాలు, పొట్టు ఓ పాలు కలిపేసుకోండి, ఆయ్, అంతేనండి" అన్నాడు. ఇంత పెద్ద సైన్సుని ఒక్క వాక్యంలో చెప్పేవాణ్ణి ఎలా నమ్మమంటారు?

నీళ్ల విషయంలో మాత్రం మాకు అన్యాయం జరుగుతోంది. డెల్టాలో ఎండాకాలం కాలవలు కట్టేస్తారు, జూన్‌లో మళ్లీ వదులుతారు, దానికో పద్ధతుంది. మా అపార్ట్‌మెంట్‌లో లాకు సూపరింటెండెంటూ, లస్కరూ, చీఫ్ ఇంజనీరూ అన్నీ మా వాచ్‌మన్ ఒక్కడే. అతను మోటారు వేస్తే సార్వా, అంటే వానాకాలం పంట, మర్చిపోతే కరువు. దీనికి తోడు దిగువ రాష్ట్రం గొడవ. రెండో అంతస్తు ఆవిడ తన బాల్కనీలో ఆరేసిన తెల్ల లుంగీల మీద మా గ్రో బ్యాగు ఎర్ర నీళ్లు కారాయని పైకొచ్చి గట్టిగా అడిగింది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు, మేం కూడా ఇకనించి ఇస్తామని చెప్పాను. వరద నీటిలో పోషకాలుంటాయనీ, లంకవాళ్లకి వరద తర్వాతే పంట బాగా వస్తుందనీ వివరించబోయాను. వినలేదు. అసోసియేషన్ వాట్సాప్‌లో పెట్టింది. నానిన మట్టి ఘనపుటడుగు యాభై కిలోల దాకా తూగుతుందనీ, శ్లాబు కూలితే ఎవరిది బాధ్యతనీ ఎవరో ఇంజనీరు గారు కింద రాశారు. ఇలాంటి వాతావరణంలో రైతు బతికేదెలా?

ఎండ కూడా పోతోంది. కూరగాయలకి రోజూ ఆరు గంటలైనా ఎండ కావాలి. మాకు పొద్దున్న పదింటిదాకా వచ్చేది, ఎదురుగా కడుతున్నవాళ్లు ఐదో శ్లాబు వేసేసరికి ఎనిమిదిన్నర దాటితే గానీ సూర్యోదయం అవడం లేదు. ప్రాజెక్టులో మునిగితే పరిహారం ఉంది. నీడలో మునిగితే ఏదీ?

పురుగూ పుట్రా గురించి రాయాలంటే గుండె తరుక్కుపోతుంది. మా బెండ మొక్కలు నడుమెత్తు వచ్చాక ఆకులు పసుపు తిరగడం మొదలైంది. ఈనెలు పచ్చగా... కాదు, పసుప్పచ్చగా వలలాగా తేలి, మధ్యలో ఆకు మాత్రం కాస్త ఆకుపచ్చగా మిగిలింది, చూడ్డానికి బాగుందని ఒక ఫొటో తీశాను కూడా. సరిగ్గా ఆ రోజే మా కౌలు రైతు దాళ్వా మక్తా, అంటే రెండో పంట కౌలు డబ్బు, ఇవ్వడానికి వచ్చాడు. చెప్పులు గుమ్మం బయట విడిచి, డబ్బు బల్ల మీద పెట్టి, లెక్క పెట్టుకోమని బాల్కనీలోకి నడిచాడు. బొటనవేలితో ఒక ఆకు తిప్పాడు. అడుగున తెల్లదోమ గుప్పున లేచింది.

"ఇది శంఖు రోగం బాబుగారూ. దీనికి మందు లేదండి. ఈ మొక్క పీకేసి దూరంగా పారేయండి, లేపోతే ఆ దోమ పక్కదానికి అంటిస్తాదండి."

నేను నవ్వాను. "నువ్వు యూట్యూబ్ చూడవా?"

"మా కుర్రోడు చూస్తాడండి."

లీటరు నీళ్లకి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీళ్లు, పసుపు జిగురు అట్టలు, జీవామృతం, అన్నీ విడమరిచి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. జీవామృతానికి పది కిలోల ఆవుపేడ, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల శనగపిండి రెండొందల లీటర్ల నీళ్లలో కలపాలని చెబుతుంటే మాత్రం మా ఆవిడ వంటింట్లోంచి ఒక చూపు చూసింది. "అవి దోమ రాకుండా బానే పనిచేస్తాయండి, వచ్చేసిన రోగానికి కాదండి" అన్నాడతను. పుస్తకజ్ఞానం లేనివాళ్లతో వాదించడం కష్టం. వారం తిరిగేసరికి ఆరు మొక్కలూ పసుపెక్కాయి, అది వేరే విషయం.

ఆనపపాదు దగ్గర మాత్రం నేను చేసింది ఎవరూ చెయ్యలేరు. మొదట వచ్చేవన్నీ మగపూలే, సన్నటి పొడుగాటి కాడలు, కింద పిందె ఉండదు. పాదు గొడ్డుపోయిందని మా ఆవిడ తీర్మానించేసింది. తర్వాత ఒకటి వచ్చింది, పువ్వు కింద నూగుతో వేలెడంత పిందె. ఆనపపువ్వు సాయంత్రం చీకటిపడే వేళకి విచ్చుకుంటుంది, రాత్రి తిరిగే రెక్కల పురుగులు దాన్ని చూసుకోవాలి, కానీ మనం అదే వేళకి దోమలని తలుపులు బిగించి కాయిల్ వెలిగిస్తాం, పురుగు మూడో అంతస్తుకి ఎందుకొస్తుంది? సెల్‌ఫోన్ టార్చి నోట కరుచుకుని, మగపువ్వు తుంచి, తెల్ల రేకులు ఒక్కొక్కటీ వలిచి, లోపలి పుప్పొడి కాడని ఆడపువ్వు మధ్యలో మెల్లగా రుద్దాను. ఎదుటి బిల్డింగు మేస్త్రీలు పని ఆపి చూశారు. కాయ నిలిచింది. ఇప్పుడు అరచెయ్యంత ఉంది. కొయ్యనివ్వను. కోస్తే సాంబారు, ఉంచితే ఆస్తి.

ఇప్పుడు అసలు విషయం, గిట్టుబాటు. స్వామినాథన్ గారి అధ్యక్షతన జాతీయ రైతు కమిషన్ 2006లో చెప్పిందేమిటంటే, సాగు ఖర్చు మీద కనీసం యాభై శాతం కలిపి మద్దతు ధర ఇవ్వాలని. రైతు సంఘాలు సీ2 లెక్క కట్టమంటాయి, అంటే సొంత పెట్టుబడి మీద వడ్డీ, సొంత భూమికి అద్దె కూడా ఖర్చులోకే వస్తాయి. చాలా న్యాయమైన సూత్రం. కట్టాను. మట్టి, ఇటుక, బ్యాగులు, వేపనూనె కలిపి 6,400 రూపాయలు. బాల్కనీ 40 అడుగులు, ఫ్లాటు కొన్న ధర అడుగు ఐదు వేల చొప్పున రెండు లక్షలు, దానిమీద నూటికి ఎనిమిది వేసుకుంటే ఏడాదికి 16,000. మొత్తం 22,400. దిగుబడి, రోగం రాకముందు కోసిన బెండకాయలు 800 గ్రాములు. కిలోకి ఖర్చు 28,000, యాభై శాతం కలిపితే 42,000. కిలో బెండకాయలకి 42,000 రూపాయలు మద్దతు ధర ప్రకటించాలని డిమాండ్ చేస్తున్నాను. ఎక్కువంటారా? కేంద్రం 2025-26కి సాధారణ రకం ధాన్యానికి క్వింటాలు 2,369 ఇచ్చింది, అంటే మన 75 కిలోల బస్తా 1,777. అది కూడా తేమ 17 శాతం దాటకూడదు. మా కౌలు రైతు ధాన్యం రోడ్డు మీద ఆరబోసి రాత్రంతా బరకాలు కప్పుకుంటూ కూర్చుంటాడు. నా బెండకాయల తేమ ఎవడూ కొలవకూడదని రెండో డిమాండ్.

పంట నష్టం మాట ఎత్తితే ఇంకా కోపం వస్తుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకి డెల్టాలో కోతకొచ్చిన సార్వా నేలకి ఒరిగింది, మా పొలంలోనూ అంతే. అదే రాత్రి మా బాల్కనీలో మిరప కుండీ కూడా దొర్లింది. పొలం నష్టం రాయడానికి మనుషులొచ్చారు, కాగితాల్లో ఎవరి పేరుందో ఆ పేరు రాసుకుని వెళ్లారు, నా పేరే. మిరప కుండీ దగ్గరికి ఒక్కరైనా వచ్చారా?

ఇక్కడ ఇంకో చిక్కు చెప్పాలి. మా కౌలు రైతు ఆ మక్తా డబ్బు ఇచ్చిన రోజే చొక్కా జేబులోంచి మడిచిన కాగితం తీశాడు. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది కదా, పదకొండు నెలలకి కార్డు ఇస్తారు, ఆ కార్డుంటే బ్యాంకు అప్పు, బీమా, నష్టపరిహారం దున్నేవాడికి వస్తాయి, కాకపోతే దానిమీద భూయజమాని సంతకం కావాలి. భూమి మీద హక్కేమీ రాదని చట్టంలోనే రాసుందని వాళ్ల కుర్రాడు చదివి చెప్పాడట. చదువుకున్న పిల్లలతో ఇదే గొడవ. తాతల నాటి భూమి, ఎక్కడ పడితే అక్కడ సంతకం పెట్టేస్తామా? వచ్చే ఏడు చూద్దాంలే అన్నాను. "ఆయ్, అలాగేనండి" అన్నాడు. కాగితం మళ్లీ మడుచుకున్నాడు. వెళ్లేటప్పుడు, చెయ్యి ఖాళీగా ఉంది కదా అని, రెండు మట్టి బస్తాలు కింద నించి పైకి చేర్చిపెట్టమన్నాను. చేర్చాడు. మంచివాడు.

పీఎం కిసాన్ రెండు వేలు పడ్డప్పుడల్లా కొందరు అడుగుతారు, సాగు చేసేది ఆయన కదా, డబ్బు మీకెందుకని. ఆ డబ్బుతోనే గ్రో బ్యాగులు కొన్నాను. ప్రభుత్వ సొమ్ము పైసాతో సహా వ్యవసాయానికే ఖర్చుపెట్టాను, రసీదులున్నాయి.

కాబట్టి బాల్కనీ రైతుకి ఈ-క్రాప్ నమోదు, అంటే ఏ పంట వేశామో ప్రభుత్వ లెక్కల్లోకి ఎక్కించడం, కావాలి, గుర్తింపు కార్డు కావాలి. ఎవరి సంతకమూ అక్కర్లేకుండా కావాలి, ఎందుకంటే మా అసోసియేషన్ ప్రెసిడెంటు పెట్టడు. ఇవ్వకపోతే 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించినట్టు మేమూ ప్రకటిస్తాం, ఎలాగూ మే ఎండలకి టమాటా పూత నిలవదు, అప్పుడు ప్రకటిస్తే కలిసొస్తుంది.

ఈలోగా మేం ఆరు నెలలు అబ్బాయి దగ్గరికి అమెరికా వెళ్తున్నాం. సేద్యం ఆగకూడదు కాబట్టి వాచ్‌మన్ భార్యని పిలిచి బాల్కనీ అప్పజెప్పాను. రోజూ నీళ్లు పొయ్యాలి, కాసినవాటిలో మూడింట రెండొంతులు మా వంతు, మా మరదలు వచ్చి పట్టుకెళ్తుంది. కాగితాలేం వద్దు, నోటి మాటే, కార్డులు గీర్డులు అడగొద్దని ముందే చెప్పాను.

ఆవిడ బకెట్టులోకి ఒకసారి వంగి చూసింది. "మట్టి చచ్చిపోయిందండి సార్, మార్చాలి. ఆ ఖర్చెవరిదండి?"

కౌలుదారుదే అన్నాను. గోదావరి జిల్లాల్లో మొదటి నించీ ఉన్న ఆనవాయితీ అది.