‘2006లోనే తలుపు మూసేశారు’ అనేవారికి

కాంట్రాక్టు, దినసరి వేతన ఉద్యోగుల క్రమబద్ధీకరణ వార్త ఏది వచ్చినా వెంటనే వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం చక్కర్లు కొడుతుంది. దాని సారాంశం ఇది: ‘ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు 2006లోనే తలుపు మూసేసింది. ఎన్నేళ్లు పనిచేసినా తాత్కాలిక ఉద్యోగికి ఏ హక్కూ రాదు. వీళ్లంతా దొడ్డిదారిన వచ్చినవారు. తాత్కాలికమని తెలిసే సంతకం పెట్టారు. వీళ్లను పర్మనెంట్ చేస్తే నిరుద్యోగులకు, రిజర్వేషన్లకు అన్యాయం. ఖజానాకు మోయలేని భారం.’ దీన్ని పంచుకునేవారిలో ఏళ్ల తరబడి నోటిఫికేషన్ కోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తున్న యువకులూ ఉన్నారు. వారి కోపం అర్థం చేసుకోదగినదే. కానీ ఈ సందేశంలో ఉన్నది సగం చట్టమే.

ముందు ఆ తీర్పు సంగతి. కర్ణాటక ప్రభుత్వానికీ ఉమాదేవికీ మధ్య నడిచిన కేసులో 2006 ఏప్రిల్ 10న ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన తీర్పు అది. ప్రకటన, పోటీ లేకుండా చేరినవారిని, చాలాకాలం పనిచేశారన్న ఒక్క కారణంతో పర్మనెంట్ చేయమని కోర్టులు ఆదేశించరాదని, అలా చేయడం సమానత్వానికీ, ప్రభుత్వోద్యోగాల్లో సమాన అవకాశానికీ హామీ ఇచ్చే రాజ్యాంగంలోని 14, 16 అధికరణాలకు విరుద్ధమని అందులో చెప్పిన మాట నిజం. అందువల్ల ‘పదేళ్లు నిండితే దానంతట అదే పర్మనెంట్’ అనే ఎదుటి పక్షం ప్రచారమూ తప్పే. ఆ సంగతి ఉద్యోగులకు ఎంత త్వరగా తెలిస్తే అంత మంచిది.

అయితే అదే తీర్పులో 53వ పేరా ఉంది. సందేశం పంపేవారు అక్కడిదాకా చదివినట్టు లేదు. చట్టవిరుద్ధ నియామకం వేరు, నియామక ప్రక్రియలో లోపం మాత్రమే ఉన్న నియామకం వేరని అక్కడ కోర్టు గీత గీసింది. తగిన అర్హతలు ఉండి, మంజూరై ఖాళీగా ఉన్న పోస్టులో, కోర్టు స్టేల అండ లేకుండా పదేళ్లకు పైగా పనిచేసినవారి సర్వీసును ఒక్కసారికి క్రమబద్ధీకరించాలని, ఆ పని ఆరు నెలల్లో మొదలుపెట్టాలని ప్రభుత్వాలను ఆదేశించింది. మిగిలిన ఖాళీలకు రెగ్యులర్ నియామకాలు జరపాలనీ చెప్పింది. తలుపు మూసిన తీర్పులో ఇన్ని ఆదేశాలు ఎందుకుంటాయి?

‘ఒక్కసారికి అన్నారుగా, ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది’ అని వెంటనే జవాబు వస్తుంది. సరిగ్గా ఈ వాదననే సుప్రీంకోర్టు 2010లో మరో కర్ణాటక కేసులో తోసిపుచ్చింది. ప్రభుత్వం ఆ కసరత్తు చేయనే లేదనుకుందాం, లేదా చేసినా అర్హులైన కొందరిని వదిలేసిందనుకుందాం. అలాంటివారి హక్కు గడువుతో పాటు పోదని కోర్టు స్పష్టం చేసింది. 2018లో జార్ఖండ్ కేసు ఇంకా విచిత్రం. ఆ రాష్ట్రం ఏర్పడిందే 2000 నవంబరులో. 2006 నాటికి పదేళ్లు నిండలేదు కాబట్టి ఎవరికీ అర్హత లేదని ప్రభుత్వం వాదించింది. ఆ లెక్కన అక్కడ ఒక్కరినీ క్రమబద్ధీకరించనక్కరలేదు, తాత్కాలిక నియామకాలు మాత్రం నిరాటంకంగా సాగించవచ్చు. ఇది ఉమాదేవి తీర్పు ఉద్దేశాన్నే తలకిందులు చేయడమని కోర్టు ఆక్షేపించింది.

ఇక 2024 డిసెంబరు 20న వచ్చిన తీర్పు చూడండి. కేంద్ర జల సంఘం కార్యాలయంలో గదులు ఊడ్చి తుడిచే మహిళలు, మొక్కలు చూసుకునే మనిషి 1990ల నుంచి పనిచేస్తున్నారు. క్రమబద్ధీకరించమని ట్రిబ్యునల్‌కు వెళ్లారు, అక్కడ ఓడిపోయారు. ఆ తర్వాత కొన్ని నెలలకే, 2018 అక్టోబరులో, నోటీసు కూడా ఇవ్వకుండా వారిని తీసేశారు. వారికి విద్యార్హత లేదన్నది ప్రభుత్వ వాదనల్లో ఒకటి. చీపురు పట్టి రెండు దశాబ్దాలు గడిచాక గుర్తొచ్చిన అర్హత! ఆ పని రోజూ ఉండేదే, ఆఫీసు నడవడానికి అవసరమైనదే అని గుర్తించిన సుప్రీంకోర్టు తొలగింపును రద్దు చేసి, వారిని క్రమబద్ధీకరించమని ఆదేశించింది. న్యాయమైన కోరికలను తోసిపుచ్చడానికి ఉమాదేవి తీర్పును ఆయుధంగా వాడుతున్నారని కూడా అంది.

‘దొడ్డిదారి’ అన్న మాటకు వద్దాం. డబ్బు చేతులు మారి, సిఫారసు ఉత్తరాలతో వచ్చిన నియామకాలు లేవని ఎవరూ అనరు. అలాంటివాటిని రక్షించమని ఏ తీర్పూ చెప్పలేదు. కానీ ఆ దారి వేసిందెవరు? ఒక కాంట్రాక్టు ఉద్యోగి ఫైలు తిరగేస్తే కథంతా కనిపిస్తుంది. ఏటేటా ఒకే ఉత్తర్వు, తేదీ మాత్రం మార్చి. మార్చి 31తో సర్వీసు ముగిసినట్టు ఒక కాగితం, ఒకటి రెండు రోజుల విరామం, మళ్లీ అదే కుర్చీలో ‘పూర్తిగా తాత్కాలిక ప్రాతిపదికన’ కొత్త నియామకం. సర్వీసు తెగినట్టు చూపడానికి తప్ప ఆ విరామానికి వేరే పని లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దినసరి వేతన నియామకాలను నిషేధిస్తూ 1994లోనే 2వ నంబరు చట్టం వచ్చింది. ఆ తర్వాత కూడా ఇలాంటి ఉత్తర్వుల కింద సంతకం అధికారిదే, అనుమతి ప్రభుత్వానిదే.

ఉద్యోగి సంతకం కూడా ఉందంటారా? ఉంది. దానికి జవాబు 2016 అక్టోబరులో పంజాబ్ తాత్కాలిక ఉద్యోగుల కేసులో దొరికింది. తక్కువ జీతానికి ఒప్పుకున్నవాడు ఇష్టపడి ఒప్పుకోడు, కుటుంబానికి తిండీ నీడా కోసం ఆత్మగౌరవాన్ని పణంగా పెట్టి ఒప్పుకుంటాడని కోర్టు అభిప్రాయపడింది. రెగ్యులర్ ఉద్యోగి చేసే పనే చేస్తున్న తాత్కాలిక ఉద్యోగికి ఆ పోస్టు పే స్కేలులో కనీస వేతనం ఇవ్వాలని తేల్చింది. అంటే పర్మనెంట్ కాకపోయినా అతనికి హక్కులున్నాయి. ‘ఏ హక్కూ రాదు’ అన్న మాట ఇక్కడే కూలిపోయింది.

నిరుద్యోగుల వాదనలో నిజంగా బరువుంది. పదిహేనేళ్లు ఒక పోస్టును తాత్కాలిక ఉద్యోగితో నింపి, తర్వాత అతన్నే ఉంచేస్తే, ఆ పదిహేనేళ్లలో పరీక్ష రాయాల్సినవారు నష్టపోయిన మాట వాస్తవం. కాంట్రాక్టు ఉద్యోగులను క్రమబద్ధీకరించేందుకు తెలంగాణ ప్రభుత్వం 2016లో జీవో 16తో పాటు 1994 చట్టంలో చేర్చిన 10ఏ సెక్షనును 2024 నవంబరులో హైకోర్టు కొట్టేసింది కూడా ఈ కోణంలోనే. సందేశం పంపేవారు ఈ తీర్పును కూడా గర్వంగా ఉదహరిస్తున్నారు. అప్పటికే క్రమబద్ధీకరించినవారి జోలికి వెళ్లనని అదే తీర్పు చెప్పిన సంగతి మాత్రం రాయరు. అయినా నష్టం చేసింది నోటిఫికేషన్ ఇవ్వని ప్రభుత్వం. ఇప్పుడు అక్కడ పనిచేస్తున్న మనిషిని పంపించేస్తే ఆ పోస్టు నోటిఫికేషన్‌లోకి వస్తుందని హామీ ఏమీ లేదు. ఎక్కువగా మనుషులను సరఫరా చేసే ఏజెన్సీ చేతికి పోతుంది. రిజర్వేషన్ల మాటకొస్తే, 1993 నవంబరు 25 నాటికి ఐదేళ్లు పనిచేసినవారిని క్రమబద్ధీకరించడానికి 1994లో ఇచ్చిన జీవో 212లోనే రిజర్వేషన్ నియమం పాటించాలని, బ్యాక్‌లాగును ముందు ముందు వచ్చే ఖాళీల్లో సర్దాలని షరతు ఉంది. క్రమబద్ధీకరణ, రిజర్వేషన్ రెండూ కలిసి నడవగలవని ముప్పై ఏళ్ల క్రితం అధికారులకే తెలుసు.

ఖజానా గురించి ఒక్క మాట చాలు. ఉత్తరప్రదేశ్ ఉన్నత విద్యా సేవల కమిషన్‌లో 1989–92 మధ్య చేరిన దినసరి ఉద్యోగుల కేసులో, డబ్బు లేదన్న కారణంతో పోస్టులు మంజూరు చేయలేదని ప్రభుత్వం చెప్పింది. రాష్ట్రం బజారులో బేరమాడే వ్యాపారి కాదని, తన బడ్జెట్ సర్దుబాటు భారాన్ని అట్టడుగు ఉద్యోగుల మీద మోపకూడదని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అవసరమైతే అదనపు పోస్టులు సృష్టించైనా వారిని క్రమబద్ధీకరించమంది.

ఈ తీర్పుల బలం అందరికీ ఒకేలా అందదు. ఏజెన్సీ ద్వారా వచ్చిన అవుట్‌సోర్సింగ్ ఉద్యోగి దారి చాలా కష్టం. కాంట్రాక్టు కార్మిక వ్యవస్థను రద్దు చేసినంత మాత్రాన కార్మికులు అసలు యజమాని ఉద్యోగులైపోరని 2001లో సుప్రీంకోర్టు చెప్పింది. ఏజెన్సీతో చేసుకున్న ఒప్పందం ఉత్త ముసుగని పారిశ్రామిక ట్రిబ్యునల్‌లో నిరూపించుకోవాలి. పని చెప్పిందెవరు, సెలవు మంజూరు చేసిందెవరు, ఏజెన్సీ మారినా మనిషి మారలేదా అన్నవే అక్కడ ప్రశ్నలు. వాటికి జవాబిచ్చేవి హాజరు పట్టీలు, గుర్తింపు కార్డులు, అధికారి రాసిచ్చిన డ్యూటీ ఉత్తర్వులు. జిరాక్సులు తీసి ఇంట్లో పెట్టుకోవడం ఈరోజే మొదలుపెట్టవచ్చు.