ట్రాన్స్‌పోర్టు ప్రాబ్లం అండీ!

విజయవాడలో ఏ పని ఆగినా అందరూ గౌరవంగా ఒప్పుకునే కారణం ఒకటుంది: "ట్రాన్స్‌పోర్టు ప్రాబ్లం అండీ." ఆటోనగర్‌లో స్పేర్‌పార్టు దొరక్కపోయినా, శుభలేఖలు ముహూర్తం దాటాక వచ్చినా ఈ ఒక్క మాట చాలు. అడగడానికి వచ్చినవాడు టీ తాగి వెళ్లిపోతాడు. ఇంతటి ఉదార సంప్రదాయం మన ఒంట్లోని కణాలకు అబ్బకపోవడం విచారకరం.

కణంలోని ప్రోటీన్లను ప్రోటియాసోమ్ అనే కోత యంత్రం ముక్కలు చేస్తుంది. ఆ ముక్కలను పెప్టైడ్లు అంటారు. టాప్ అనే రవాణా ప్రోటీన్ కణం ఇంధనమైన ఏటీపీ ఖర్చుపెట్టి మరీ వాటిని కణంలోని పొరల గదైన ఎండోప్లాస్మిక్ రెటిక్యులంలోకి చేరవేస్తుంది. అక్కడ ఎంహెచ్‌సీ క్లాస్-1 అణువులు 8 నుంచి 10 అమైనో ఆమ్లాల ముక్కను పట్టుకుని కణం పైకి వెళ్లి చూపిస్తాయి. రోగనిరోధక వ్యవస్థకు చెందిన టీ-కణాలు తనిఖీకి వస్తాయి. వైరస్ ముక్క కనబడిందా, ఆ కణానికి నూకలు చెల్లినట్టే.

టాప్ చెడితే ముక్కలు లోపలికి రావు, ఎంహెచ్‌సీ అణువుల్లో చాలాభాగం పైకీ రావు. ఈ కిటుకు హెర్పిస్ సింప్లెక్స్ వైరస్‌కు బాగా తెలుసు. ఐసీపీ47 అనే చిన్న ప్రోటీన్‌తో టాప్‌ను మూసేస్తుంది. (లారీలన్నీ ఆపక్కర్లేదు, గేటు దగ్గర మనవాడొకడుంటే చాలునని దానికెవరు చెప్పారో!)

సరే, కణం మన మాటే చెప్పొచ్చు కదా? చెప్పినా, అదే రోగనిరోధక వ్యవస్థలో మరో రకం పోలీసులైన ఎన్‌కే (నేచురల్ కిల్లర్) కణాలు వినవు. ఏమీ చూపించని కణమే వాటికి ముద్దాయి. స్వీడన్‌కు చెందిన క్లాస్ కార్రే బృందం 1986లోనే ఈ సంగతి చూపింది. పుట్టుకతోనే టాప్ లోపం ఉన్నవాళ్లలో మాత్రం అవే ఎన్‌కే కణాలు మెత్తబడి ఊరుకుంటాయి. ఇది శుద్ధ బెజవాడ పద్ధతి, అభినందనీయం. అలాంటి రోగులను ఎక్కువగా పీడించేది వైరస్‌లు కాదు, ముక్కులోనూ ఊపిరితిత్తుల్లోనూ పదేపదే వచ్చే బాక్టీరియా ఇన్ఫెక్షన్లు.

ఇక కొన్ని కణాల అత్యుత్సాహం చూడండి. టాప్ పనిచేయకపోయినా ఖాళీగా కూర్చోవు. ప్రోటీన్లను రెటిక్యులంలోకి నడిపించి అక్కడే తెగిపడే సిగ్నల్ పెప్టైడ్ల ముక్కలను ఎంహెచ్‌సీలో ఒక రకమైన హెచ్‌ఎల్‌ఏ-ఏ2 అణువు పట్టుకుని పైకి తెస్తుంది. రోగనిరోధక వ్యవస్థలో కాపలా కాసే డెండ్రిటిక్ కణాలైతే బయట నుంచి మింగిన సరుకును వేరే దారిలో ఎంహెచ్‌సీకి అందిస్తాయి. దారి మూసుకుపోయిందని తెలిసి కూడా పని చేయడం ఏం మర్యాద? దీనిపై ఒక విచారణ కమిటీ వేయాలని నా మనవి.

1990లో టాప్ లోపమున్న ఎలుక కణాలను పరిశోధకులు 26 డిగ్రీల దగ్గర ఉంచి చూశారు. ఖాళీ ఎంహెచ్‌సీ అణువులు నిక్షేపంగా పైకొచ్చి నిలబడ్డాయి. 37 డిగ్రీలకు తెచ్చేసరికి చెదిరిపోయాయి. చేతిలో ఏమీ లేకపోయినా చల్లగా ఉంటే సీటు నిలుస్తుందన్నమాట. మే నెలలో బెజవాడలో 26 డిగ్రీలు ఏ గదుల్లో ఉంటాయో, వాటిలో ఎవరు కూర్చుంటారో పరిశోధకులు ఓసారి వచ్చి చూసుకోవచ్చు.