రాడ్డు బ్రేకు గారికి, విజయనగరం నుంచి

మహారాజశ్రీ రాడ్డు బ్రేకు గారి సముఖమునకు, ఇక్కడ మేమంతా క్షేమం, సైకిలొక్కటే ఆగట్లేదు.

పాత ఇరవై ఎనిమిదంగుళాల సైకిల్ ఫ్రేమొకటి దొరికితే ఇంట్లోనే కట్టుకుందామని మొదలెట్టాను సార్. పెయింటైపోయింది, సీటు కుట్టించేశాను, ఇంక బ్రేకే కదా అన్నారు ఇంట్లో. ఆ "కదా" దగ్గరే తమరు కూర్చున్నారు, ఇంకా లేవలేదు.

అసలు తమరి పని పద్ధతి చెప్పుకోవాలి. నేను హ్యాండిల్ కింద లివర్ నొక్కితే అది హెడ్ ట్యూబ్, అదే హ్యాండిల్ కిందున్న ముందు గొట్టం, పక్కనున్న రాడ్డుకి చెప్పాలి, ఆ రాడ్డు కిందున్న కీలుకి, కీలు పొడుగు కడ్డీకి, కడ్డీ వెళ్లి పెడల్ ఇరుసు దగ్గరున్న ఇంకో కీలుకి, ఆయన వెనక చక్రం దగ్గర యూ ఆకారంలో వంగిన ఇనప ముక్కకి, అప్పుడు ఆ ముక్క తీరుబడిగా కదిలి రెండు రబ్బర్లనీ రిమ్ముకి ఆనిస్తుంది. ఉమ్మడి కుటుంబంలో కబురులాగ ప్రతివాళ్ల దగ్గరా కొంచెం కొంచెం అరిగి, "ఆగు" అని బయల్దేరిన మాట వెనక చక్రం చేరేసరికి "వీలుంటే ఆగు" అయిపోతుంది.

సరే, పోయిన కీలూ ఫోర్కు మీద క్లిప్పులూ వెతుకుదామని గంటస్తంభం చుట్టుపక్కల సైకిల్ కొట్లన్నీ తిరిగాను. "డిస్కు బ్రేకులొచ్చీసినాయి కదా బావూ, దీంతో ఏటి పని నీకు" అని ఒకాయన జాలిపడ్డాడు. ఇంకొకాయన "అయ్యో, మొన్ననే మూటకట్టి పాతినపోళ్లకి ఏసీసినాం" అన్నాడు. ఈ మొన్న ఎప్పటి మొన్నో గానీ ఏ కొట్లో అడిగినా మొన్ననే వేసేస్తారు, నేనొస్తున్నానని ముందే తెలిసినట్టు. పాతినప కొట్టాయనేమో కాటా దగ్గర కేజీ లెక్క చెప్తూ చెప్తూ, నేను ఆ ముక్కని రెండోసారి తిప్పి చూడ్డం గమనించాడు, అంతే, కేజీ పోయి పీసు లెక్కొచ్చింది. ఆన్‌లైన్‌లో ఇంకా ఘోరం, తుప్పుంటే వింటేజ్ అంట, వంకరుంటే రేర్ అంట, రెండూ ఉంటే ధర చూడ్డానికే భయం. పాలోళ్లు మాత్రం రోజూ నా ముందు నుంచే తమర్ని తొక్కుకుంటూ పోతున్నారు, వాళ్లకి తమరు వింటేజ్ అని ఇంకా ఎవరూ చెప్పలేదు, దయచేసి చెప్పకండి.

అందరిదీ ఒకటే సలహా, తీసిపారేసి కాలిపర్, అదే వైరు లాగితే పట్టుకునే బ్రేకు, వేయించు అని. వేయిస్తాను సరే. కాలిపర్ రబ్బరు రిమ్ము పక్కల్ని పట్టుకుంటుంది, తమరేమో రిమ్ము లోపలి ముఖాన్ని ఇరుసు వైపు నుంచి నొక్కుతారు, అందుకే తమరికి ఆ వెస్ట్‌వుడ్ రకం రిమ్మే కావాలి. రిమ్ము మారిస్తే టైరు మార్చాలి, టైరు కూర్చునే చోట రిమ్ము అడ్డుకొలత తమరిది 635 మిల్లీమీటర్లు, ఇప్పుడు తేలిగ్గా దొరికేది 622, అంటే బ్రేకు రబ్బరు ఆరున్నర మిల్లీమీటర్లు కిందకి జరగాలి, దానికి పొడుగు చేతుల కాలిపర్ కావాలి. ఇంతా చేస్తే సైకిల్లో పాతది మిగిలేది బెల్లొక్కటే.

తుప్పు సంగతి నయం, నిమ్మఉప్పు నీళ్లలో ఒక రాత్రి వేసి, మర్నాడు వంటింటి అల్యూమినియం ఫాయిల్ తడిపి క్రోమ్ మీద రుద్దితే బానే మెరిశారు. ఫాయిల్ రోలు ఎలా అయిపోయిందో ఇంట్లో ఇంకా విచారణ నడుస్తోంది. అసలు తిక్కంతా మరల్లో ఉంది. పాత పావంగుళం సైకిల్ బోల్టుకి అంగుళానికి 26 చుట్లు, లెక్కేస్తే చుట్టుకి 0.977 మిల్లీమీటర్లు, బజార్లో దొరికే ఆరు ఎంఎం నట్టుది ఒక మిల్లీమీటరు. అంత దగ్గర! కానీ బోల్టేమో 6.35, ఎక్కదు. బలవంతంగా తిప్పితే ఎక్కినట్టే ఎక్కి రెండింటినీ పాడుచేస్తుంది. ఏం సాధించారండీ ఆ పాయింట్ మూడైదుతో?

ఒక్క మంచి చెప్పాలి, చక్రం పక్కలకి కొంచెం ఊగినా తమరు పట్టించుకోరు, కాలిపరైతే ఈపాటికి గగ్గోలు పెట్టేది. పైకీ కిందకీ ఎగిరితే మాత్రం ప్రతి చుట్టుకీ ఒకసారి పట్టి వదుల్తారు, పుల్లలు బిగిస్తూ వదులుచేస్తూ నా ఆదివారాలన్నీ అక్కడే.

ఇక వాన. తడిసిన స్టీలు రిమ్ము మీద తమరి రబ్బరు ఏం చేస్తుందో అందరికీ తెలుసు, అంటే ఏమీ చెయ్యదు. అక్టోబర్లో తుఫాన్లొచ్చే జిల్లాలో ఉంటున్నాం సార్ మేము, కొంచెం ఆలోచించాల్సింది.

అన్నట్టు, అట్లాస్ సైకిళ్ల కంపెనీ వాళ్ల సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020లో జూన్ 3న ఆగిపోయింది, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం రోజున. దానికి మాత్రం బ్రేకు ఎంత ఠక్కున పడిందో చూడండి.

క్లిప్పు దొరక్క కట్టుతీగతో బిగించి పెట్టాను, తమరికి నామోషీ అయితే క్షమించాలి. రేపు పొద్దున్న ఎత్తుబ్రిడ్జి మీంచి దిగుతున్నాను, కింద ఆటోలుంటాయి, ఈలోగా ఆ కబురేదో వెనక చక్రానికి ఇప్పుడే పంపించి ఉంచగలరు.

ఇట్లు,
చెప్పులరిగిపోతున్న తమ విధేయుడు